కలిపేసిన జల్లెడ

"ఇవ్వను. నా ప్రాణం పోయినా ఇవ్వను" అంటూ క్లెమెంట్ మసార్ చెంచాను గిన్నెలో పడేశాడు. బూయా చారు చింది బల్లగుడ్డ మీద పడింది.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి గంట కూడా కాలేదు. పెద్దాయన ఇంకా టై విప్పలేదు. కోడిమాంసం, దుంపలు, క్యాబేజీ కలిపి ఆయన భార్య రోజలీ తెల్లవారుజాము నుంచి ఉడికించిన బూయాను ఎవరూ సరిగా ముట్టలేదు. మా కెవానీ కౌంటీలో బూయా చల్లారిపోతోందంటే ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, లేదా పోట్లాట జరుగుతూ ఉండాలి.

బల్ల మీద వెన్న గిన్నె పక్కన, సరిహద్దు అవతల మానిటోబా నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. దాన్ని ఇరవై ఏడు రోజులుగా ఈ ఇంట్లో ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు.

"మామయ్యా, ఇచ్చేది మన రహస్యం కాదు" అంది లీనెట్. ఈ ఇంటి పెద్దకోడలు, మసార్ల సొంత కంపెనీలో ప్రోగ్రాములన్నీ రాసేది కూడా ఆమే. "వర్నా అడిగేది ముక్కలు. అవి మిషన్ చదువుకునే అంకెలు. మనుషులు చదివేవి కావు."

"ఇవాళ ముక్కలంటుంది. రేపు మొత్తం అంటుంది. ఏ నిమిషంలో కంప్రెసర్ తిప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేను నలభై ఏళ్లు పాలగదుల్లో చలికి వణుకుతూ నేర్చుకున్నాను. అది తీసుకెళ్లి ఒక గొర్రెల ఆవిడ చేతిలో పెట్టమంటావా?"

"గొర్రెల ఆవిడ కాదు, మన దగ్గర పెట్టె కొన్న ఆవిడ. మనం పలక్కపోతేనే మానిటోబాకి రాసింది."

క్లెమెంట్ గిన్నెను అవతలికి నెట్టాడు. ఆయన పెద్దకొడుకు జెరోమ్, అంటే లీనెట్ భర్త, రొట్టెను ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. తినడం లేదు, ముక్కలే చేస్తున్నాడు. పెళ్లయి పదిహేడేళ్లయింది, ఆ మనిషి ఇరకాటంలో పడితే రొట్టె మీద పడతాడని లీనెట్‌కు తెలుసు.

"ఆగండి ముందు. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి" అంది రోజలీ. "మనం అమ్మేది పాలట్యాంకు కంప్రెసర్ నడిపి, ట్యాంకు వేడెక్కితే గంటకొట్టే పెట్టె. అందులో ఆ మానిటోబా ఆయన వస్తువు ఎందుకుంది?"

"ట్యాంకులో కొలిచే అంకెలన్నీ నిజమైనవి కావత్తయ్యా. తీగ కదిలినా పిచ్చి అంకె వస్తుంది. అలాంటివి ఏరి పారేసే చిన్న ప్రోగ్రాము, లైబ్రరీ అంటాం, ఒకటి ఆ ఐవన్ కుజిక్ గారు రాశారు. రిటైరైన బడిపంతులు. జల్లెడ అనుకోండి. లోకానికంతా ఊరికే ఇచ్చారు."

"ఊరికే ఇచ్చింది మళ్లీ అడగడమేంటి, చోద్యం కాకపోతే!"

"వస్తువు అడగట్లేదు, షరతు గుర్తు చేస్తున్నారు. నా జల్లెడ వాడుకోండి, అమ్ముకోండి, మీ రహస్యం మీ దగ్గరే ఉంచుకోండి. కానీ మీ దగ్గర కొన్నవాళ్లు నా జల్లెడ తీసి, బాగుచేసుకున్న జల్లెడ పెట్టుకోగలగాలి. ఎల్‌జీపీఎల్ అని ఆ లైసెన్సు పేరు. అందులో ఉన్నది ఇదే."

"బాగానే ఉందిగా. పెట్టుకోనివ్వండి మరి."

"పెట్టుకోవడం కుదరదత్తయ్యా." లీనెట్ గొంతు తగ్గింది. "మొదట్లో ఆ జల్లెడ విడిగా ఒక ఫైలుగా ఉండేది. మీరు చేసే ప్రూన్ పళ్ల 'పై' రొట్టె మీద జున్ను పొర వేస్తారే, అలాగ. నచ్చకపోతే పొర తీసి ఇంకోటి వేసుకోవచ్చు. ఇప్పుడది పిండిలోనే కలిసిపోయింది."

"పిండిలో కలిసింది తీయడం ఎవరి తరం?"

"ఎవరి తరమూ కాదు. అందుకే మన పిండీ, ఆ జల్లెడా విడివిడిగా ఇవ్వాలి. వర్నా తన జల్లెడతో తనే కలుపుకుంటుంది."

చిన్నకొడుకు కర్ట్ నవ్వాడు. అమ్మకాలు చూసేది అతనే. ఆవుకైనా కోటు అమ్మగలనని అంటుంటాడు. "వదినా, దీనికింత రాద్ధాంతం ఎందుకు? గడువు ముప్ఫై రోజులు. ఇంకా మూడ్రోజులు. ఫోన్ ఎత్తకుండా కూర్చుంటే గండం అదే గడిచిపోతుంది. ఆ పంతులు మనమీద కేసు వేస్తాడా ఏంటి?"

"గడవదు కర్ట్. బుధవారంలోగా సరిదిద్దుకుంటే మన హక్కు మనకుంటుంది. దాటిందా, జల్లెడ వాడే హక్కే పోతుంది. గురువారం నుంచి నువ్వు అమ్మే ప్రతి పెట్టే దొంగసొత్తు."

"అయితే ఆ జల్లెడ పీకేసి మనదే ఒకటి రాయి."

"రాస్తాను, ఆర్నెల్లు పడుతుంది. ఈలోపల బయటికెళ్లిన పెట్టెలకి ఏం చెప్తావు?"

కర్ట్ నవ్వు ఆపాడు. అతని చూపు మారింది. అమ్మకాల మనిషి కదా, ఎదుటివాడు ఏ మాట దగ్గర తడబడ్డాడో ఇట్టే పట్టేస్తాడు.

"ఒక్క నిమిషం. మొదట్లో విడిగా ఉండేదన్నావు. మరి కలిపిందెవరు?"

రోజలీ వడ్డించబోయిన గరిటెను గాల్లోనే ఆపేసింది.

"నేనే చెయ్యమన్నాను" అన్నాడు జెరోమ్, రొట్టెముక్కల వైపే చూస్తూ. ఆ పూట అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

లీనెట్ భర్త వైపు చూసింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. నిజం కాదు గనుకే అంత ముద్దొచ్చిందా మాట. అయినా ఒప్పుకోలేదు.

"అబద్ధం చెప్పకు జెరోమ్. నువ్వు త్వరగా మొదలయ్యేట్టు చెయ్యమన్నావు, అంతే." ఆమె మామగారి వైపు తిరిగింది. "రెండేళ్ల కిందట, ఆగస్టులో వరసగా పిడుగులు పడ్డాయి, గుర్తుందా? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పెట్టె లేవడానికి నిమిషం పట్టేది. రైతులు ఫోన్ల మీద ఫోన్లు. జల్లెడను లోపలే కలిపేస్తే పది సెకన్లలో లేస్తుందని చూశాను. ఒక్క లైను మార్చాను. ఆ లైను మారిస్తే షరతు కూడా మారుతుందని నాకు తెలుసు మామయ్యా. ముక్కలు విడిగా ఇచ్చే ఏర్పాటు వచ్చేవారం చేద్దామనుకున్నాను. వచ్చేవారం ఇంకో పని పడింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

"రెండేళ్లా?"

"రెండేళ్లు."

పెద్దాయన లేచాడు. కుర్చీ వెనక్కి పడబోతే జెరోమ్ పట్టుకున్నాడు. క్లెమెంట్ వెనక తలుపు తీసుకుని, దాన్ని మెల్లగా మూసి షెడ్డులోకి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. మసార్ల ఇంట్లో అరుపులకు ఎవరూ భయపడరు, భయమంతా తలుపు మెల్లగా మూసినప్పుడే.

"చెప్పకుండా ఉండాల్సింది వదినా" అన్నాడు కర్ట్, నిజంగానే జాలిగా.

"రెండేళ్లు అదే చేశాను. ఏం బాగుపడింది?" అంది లీనెట్, వెన్న గిన్నె పక్కనున్న ఉత్తరం తీసుకుని లేస్తూ.

"ఎక్కడికి?" అంది రోజలీ.

"మామయ్య దగ్గరికి."

"ఇప్పుడొద్దే తల్లీ. కాస్త చల్లారనీ."

"చల్లారితే గట్టిపడతారు అత్తయ్యా. మీకు తెలీందా?"

రోజలీ కాదనలేదు. యాభై ఏళ్ల కాపురం ఆమెది.

షెడ్డులో క్లెమెంట్ తన బల్ల ముందు కూర్చుని కాగితాలు మడుస్తున్నాడు. ఆదివారం పని చెయ్యడు గానీ, మనసు బాగోలేనప్పుడు ఈ కాగితాలు మడవడాన్ని పనికింద లెక్కవేయడు. ప్రతి పెట్టెలోనూ ఒక కాగితం పెడతారు. ఫలానా లైబ్రరీ వాడామని కొన్నవాళ్లకు తెలియజేయాలని లీనెట్ మొదట్లో చెప్పినప్పుడు, లాయరు రాసిచ్చిన నాలుగు పేజీలు చదివి పెద్దాయన చెత్తబుట్టలో వేశాడు. రైతుకు అర్థం కాని కాగితం పొయ్యిలోకేనని, తనే సొంత మాటల్లో రాశాడు. దాని కింద లైసెన్సు నకలు జతచేస్తానని లీనెట్ అంటే సరేనన్నాడు. ప్రతి కాగితం మీదా సంతకం మాత్రం ఆయనే పెడతాడు, అచ్చు వేయించనివ్వడు. చేతులు నొప్పెడతాయని కొడుకులు పోరితే, నా పేరు నేను రాసుకోలేని రోజున దుకాణం మూసేద్దాం అంటాడు.

లీనెట్ ఒక కాగితం తీసుకుంది. ఆయన వద్దనలేదు, చూడనూ లేదు.

"చదవనా?" అంది.

ఆమె పైకే చదివింది.

"ఈ పెట్టెలో ఐవన్ కుజిక్ రాసిన జల్లెడ ఉంది. దాన్ని మీరు తీసి, మీకు నచ్చినట్టు మార్చి మళ్లీ పెట్టుకోవచ్చు. పెట్టుకోవడం కుదరకపోతే నాకు చెప్పండి, కుదిరేట్టు చేస్తాను. ఇది నా మాట. క్లెమెంట్ మసార్."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"నువ్వు ఆ లైను మార్చాక ఎన్ని పెట్టెలు వెళ్లాయి?"

"నాలుగొందల ముప్ఫై."

"నాలుగొందల ముప్ఫై సార్లు నాచేత అబద్ధం మీద సంతకం పెట్టించావు."

"అవును."

"పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ చూశావు."

"చూశాను మామయ్యా."

క్లెమెంట్ మొహం ఎర్రబడింది. ఇక తిట్లు మొదలవుతాయని లీనెట్ గుండె దిటవు చేసుకుంది. తిట్టాడు కూడా. తాతముత్తాతలు బెల్జియం నుంచి తెచ్చుకున్న వాలోన్ భాషలో రెండు, మామూలుగా నాలుగు. వాళ్ల అమ్మమ్మ నేర్పిన ఆ రెంటికీ అర్థం ఇప్పటికీ ఎవరూ కోడళ్లకు చెప్పలేదు.

ఆమె కదలకుండా విని, అయిపోయాక అంది: "నేను క్షమాపణ కోసం రాలేదు. అది తర్వాత సంగతి, మీ ఇష్టం. వర్నా ఈ కాగితం చదివే మనకు ఉత్తరం రాసింది. మీరు కుదిరేట్టు చేస్తానన్నారు గనక అడిగింది. మనం పలక్కపోతే అప్పుడు ఐవన్‌కి రాసింది. ఆమె ఏ గొర్రెల ఆవిడా కాదు. మీ మాట నమ్మిన మనిషి."

ఆయన ఆ కాగితం తీసుకుని మళ్లీ చదివాడు. తన అక్షరాలే తనకు కొత్తగా కనబడినట్టున్నాయి. బయట కర్ట్ కొడుకులెవరో బంతి గోడకేసి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ముక్కలు తయారుగా ఉన్నాయా?" అన్నాడు చివరికి.

"శుక్రవారమే తీసి పెట్టాను."

"నేను ఒప్పుకుంటానని అంత ధైర్యమా?"

"ఒప్పుకోకపోతే ఉద్యోగం మానేసి నేనే ఇచ్చేద్దామనుకున్నాను."

"హక్కు లేదు నీకు. అవి కంపెనీవి."

"తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

క్లెమెంట్ టై విప్పి బల్ల మీద పడేశాడు. "బండి తియ్యి. జెరోమ్‌ని రమ్మను. ఆ రెండోవాణ్ని కూడా. ఫోన్ ఎత్తొద్దన్న మనిషి మొహం వర్నా చూడాలి."

వర్నా స్తొదోలా పొలం, లక్సెంబర్గ్ అనే మా పక్క పల్లె దాటాక నాలుగు మైళ్లు. రెండొందల పాడిగొర్రెలు, ఒంటరి మనిషి, అరవైకి దగ్గర పడింది. ఒకప్పుడు గ్రీన్‌బేలో ఒక ఫ్యాక్టరీలో మిషన్లకు ప్రోగ్రాములు రాసేది. అది మానేసి గొర్రెలు కొనుక్కుంది. వర్నా లాంటి చెక్ జాతివాళ్లు మొండివాళ్లని మసార్ల లాంటి బెల్జియంవాళ్లు అంటారు, బెల్జియంవాళ్లే మొండివాళ్లని చెక్‌లు అంటారు. మా కౌంటీలో రెండూ నిజమే.

ఆమె పాలగది గుమ్మంలో రబ్బరు బూట్లతో నిలబడి నలుగుర్నీ వరసగా చూసింది.

"మసార్ల వంశమంతా వచ్చింది. ఎవరైనా పోయారా?"

"పోయింది నా పరువు" అన్నాడు క్లెమెంట్. "తిరిగి తీసుకుందామని వచ్చా. ఉత్తరానికి జవాబివ్వనందుకు తప్పు నాది, వర్నా."

ఆమె ఇంకో మాట సిద్ధం చేసుకుని ఉందేమో, అది మింగేసింది. "రెండు ట్యాంకుల పాలు పారబోశాను క్లెమెంట్ గారూ. చేతులారా కాలవలో పోశాను. మీ గంట మోగేసరికి పాలు విరిగిపోయున్నాయి."

"ఎందుకలా అయింది?" అన్నాడు జెరోమ్.

"మీ జల్లెడ ఆవులకి. ఆవులవాళ్ల ట్యాంకు చెరువంత ఉంటుంది, అందులో వేడి గబుక్కున పెరగదు. పెరిగితే అది పిచ్చి అంకె అని జల్లెడ ఏరి పారేస్తుంది. నాది చిన్న ట్యాంకు. కూలర్ ఆగితే నిజంగానే గబుక్కున వేడెక్కుతుంది. జల్లెడ దాన్ని అరగంటసేపు నమ్మదు. నేను దాన్ని సరిచేసి రాసుకున్నా. వారంలో అయిపోయింది. పెట్టుకోవడానికే చోటు లేదు, మీరు సీలు వేసినట్టు కలిపేశారు."

"నేను కలిపాను" అంది లీనెట్, ముందుకొచ్చి. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "మా ముక్కలన్నీ ఇందులో ఉన్నాయి."

వర్నా తన పాత ల్యాప్‌టాప్‌ను పాలగదిలోని స్టీలు బల్ల మీద తెరిచింది. ముక్కలు ఎక్కించుకుంది. తన జల్లెడ పక్కన పెట్టింది. మీట నొక్కింది.

ఎర్రటి అక్షరాలు తెరనిండా పారాయి.

కర్ట్ గొంతు సవరించుకున్నాడు. క్లెమెంట్ అతని వైపు చూసిన చూపుకు ఆ సవరించుకోవడం దగ్గుగా మారిపోయింది.

"అతకట్లేదు" అంది వర్నా. "ఏది ముందో ఏది వెనకో నాకెలా తెలుస్తుంది? ఇవి ముక్కలమ్మా. ముక్కలిచ్చి కట్టుకో అంటే ఇల్లవుతుందా?"

లీనెట్ నుదురు కొట్టుకుంది. తను పదేళ్లుగా రోజూ చేసే పని గనక, అది వేరేవాళ్లకు తెలియదన్న సంగతే తట్టలేదు. ఏ ముక్క తర్వాత ఏది, ఏ పనిముట్టుతో, ఏ ఆదేశాలతో కలపాలి అన్నది ఆఫీసు మిషనులో ఉండిపోయింది. షరతులో అదీ భాగమే. ముక్కలిస్తే సరిపోదు, కలిపే దారి కూడా ఇవ్వాలి. అది చదివింది కూడా.

"జరగండి వర్నా. కూర్చోనివ్వండి నన్ను."

తడి నేలమీద ఓ బకెట్ బోర్లించుకుని కూర్చుంది. గుర్తున్నంతవరకు రాసింది. ఒక దగ్గర ఆగిపోతే జెరోమ్ ఆఫీసుకు పరిగెత్తుతానన్నాడు. అక్కర్లేదంది. కళ్లు మూసుకుని వేళ్లతో గాల్లో టైపు చేసుకుంది, ఆ వరస వేళ్లకే గుర్తుంది. ఇరవై నిమిషాల్లో ఒక పేజీ అయింది. ప్రతి లైను పక్కనా అది దేనికో కూడా రాసింది.

"నొక్కండి" అంది.

వర్నా నొక్కింది. తెర కాసేపు ఆలోచించింది. ఎర్ర అక్షరాలు రాలేదు. ఒకే ఒక్క ఫైలు తయారై కూర్చుంది.

దాన్ని పెట్టెలోకి ఎక్కించడానికి రెండు నిమిషాలు. పదో సెకనుకు పెట్టె లేచి పచ్చదీపం చూపించింది.

"పాలతో ఆటలొద్దు" అంది వర్నా. ట్యాంకులో చన్నీళ్లు నింపి, కూలర్ ఆపి, ఒక బకెట్ వేణ్నీళ్లు కుమ్మరించింది. క్లెమెంట్ గడియారం చేత్తో పట్టుకున్నాడు.

ఒక నిమిషం. రెండు. గొర్రెలు బయట అరుస్తున్నాయి. మూడు నిమిషాలయ్యాక కూడా లీనెట్ పచ్చదీపం వైపే చూస్తోంది. ఇది మోగకపోతే తను మామగారికి చెప్పగలిగేది ఇంకేమీ ఉండదు. మూడ్రోజుల తర్వాత చెప్పడానికి కంపెనీయే ఉండకపోవచ్చు.

ఐదో నిమిషం సగంలో గంట మోగింది.

అలాంటి ఇలాంటి మోత కాదు. పాలగది గోడలు అదిరేట్టు, పక్క పొలంలో కుక్కలు మొరిగేట్టు మోగింది. క్లెమెంట్ టోపీ తీసి పైకి ఎగరేశాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి! అది పోయి నీళ్లట్యాంకులో పడింది. జెరోమ్ భార్యను పట్టుకుని తడినేల మీద గిర్రున తిప్పాడు. వర్నా గంట ఆపడం మర్చిపోయి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నవ్వుతోంది.

"నాలుగున్నర నిమిషాలు!" అని అరిచాడు క్లెమెంట్. "ఏం మార్చావు వర్నా? నాకు చెప్పు. ఏం మార్చావు?"

"చెప్పడమేంటి, పూర్తిగా ఇస్తాను. ఐవన్‌కీ పంపించాను. ఎవరు కావాలంటే వాళ్లు వాడుకోవచ్చు, మీతో సహా."

"ఊరికేనా?"

"ఆయన ఊరికే ఇచ్చిందేగా నేను బాగుచేసింది. దానికో రేటు పెట్టమంటారా?"

ఇంతసేపూ మూలన నిలబడ్డ కర్ట్ మెల్లగా ముందుకొచ్చాడు. అతని మొహంలో ఉన్నది సిగ్గో సంతోషమో చెప్పడం కష్టం, బహుశా రెండూ. "వదినా. మేకలవాళ్ల దగ్గర్నుంచి, గొర్రెలవాళ్ల దగ్గర్నుంచి కిందటేడు పెట్టెలు తిరిగొచ్చాయి గుర్తుందా? పదకొండు. వాళ్లకు వాడటం రాదని అందరితో చెప్పుకు తిరిగాను."

"గుర్తుంది."

"రేపు పొద్దున్నే ఆ పదకొండు ఇళ్లకీ నేనే వెళ్తాను. ముందు సారీ చెప్తాను. ఆ తర్వాత పెట్టె పెడతాను."

"ఆ వరసలోనే చెయ్యి" అన్నాడు తండ్రి. "తిరగేశావంటే తంతాను."

లీనెట్ అక్కడే, ఆ స్టీలు బల్ల మీదే, ఈమెయిల్లో ఐవన్ కుజిక్‌కు ఉత్తరం రాసింది. ముక్కలూ, కలిపే దారీ కొన్న ప్రతివాళ్లకూ అందేట్టు ఈ సాయంత్రమే కంపెనీ వెబ్‌సైటులో పెడుతున్నామనీ, నాలుగొందల ముప్ఫై మందికీ ఉత్తరాలు వెళ్తాయనీ, తప్పు తనదనీ రాసింది. ఆఖరి ముక్క తీసేద్దామా అని కర్ట్ అడిగాడు. వద్దన్నది ఆమె కాదు, క్లెమెంట్. "ఉంచు. కింద నా పేరు కూడా రాయి."

ఇల్లు చేరేసరికి ఐదున్నర, చేరగానే లీనెట్ అన్నీ వెబ్‌సైటులో పెట్టింది. ఆ పంతులుగారి జవాబు ఆరు గంటలకల్లా వచ్చేసింది, పెద్దగా ఏమీ లేదు. 'ముక్కలు దించుకుని కలిపి చూశాను, అతికాయి. మీరు గడువులోపలే సరిచేశారు, మన మధ్య తగువేమీ లేదు. వర్నా గారి మార్పు చాలా బాగుంది, నాకు పదేళ్లుగా తట్టలేదు. మీ ఊళ్లో ఇప్పుడు మంచు పడుతోందా?'

క్లెమెంట్ దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. రోజలీ బూయా మళ్లీ వెచ్చబెట్టింది. ఈసారి గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. జెరోమ్ రొట్టెను ముక్కలు చెయ్యడం లేదు, తింటున్నాడు.

"తిట్టినవి వెనక్కి తీసుకోను" అన్నాడు పెద్దాయన కోడలితో, చారు జుర్రుతూ.

"వద్దులెండి. సంపాదించుకున్నవేగా."

"కానీ ఇవాళ ఆ పాలగదిలో నువ్వు బకెట్ మీద కూర్చుని రాస్తుంటే..." ఆయన చేతిగుడ్డతో మూతి తుడుచుకుంటూ కళ్లు కూడా తుడుచుకున్నాడు. "నా కోడలని గర్వపడ్డానే పిల్లా. అది చెప్పాలి కదా, చెబుతున్నాను."

రోజలీ వచ్చి లీనెట్ తల మీద చెయ్యి వేసి వెళ్లింది.

"సరే, ఇంకో పని" అన్నాడు క్లెమెంట్. "జల్లెడ ఒక్కటేనా మనం అడిగి తెచ్చుకున్నది? ఇంకెవరెవరివి ఉన్నాయో అన్నీ తియ్యి. ఎవరికి ఏం మాటిచ్చామో నాకు తెలియాలి."

"ఇప్పుడేనా? తినేసి చూద్దాం నాన్నా" అన్నాడు కర్ట్.

"ఇప్పుడే."

లీనెట్ కంప్యూటర్ తెరిచి వరసగా చదివింది. పద్నాలుగు లైబ్రరీలు. మొదటి ఎనిమిదీ పేరు చెప్పి, కాగితం జతచేస్తే చాలనేవి. జల్లెడ ఎలాగూ తేలిపోయింది, అది తొమ్మిదోది. పదోదాని దగ్గర ఆమె ఆగింది.

కిందటి సంత కోసం కర్ట్ పెట్టె తెరమీద వేడి హెచ్చుతగ్గులు చూపే రంగుల గీత కావాలంటే, వేసవిలో కాంట్రాక్టుకు వచ్చిన ఒకాయన ఈ లైబ్రరీ పెట్టి వెళ్లాడు. గీతలు గీసేది. అదీ లోపలే కలిసిపోయి ఉంది. కానీ లైసెన్సు పేరు జీపీఎల్. మొదట్లో ఉండే 'ఎల్' దీనికి లేదు. దీని షరతు ముక్కలతో తీరదు. నన్ను కలుపుకుని బయటికి పంపితే, కలిసిన ప్రోగ్రాము మొత్తం, మనుషులు చదవగలిగే రూపంలో, కొన్నవాళ్లు అడిగితే ఇవ్వాలి అంటుంది. మొత్తం అంటే నలభై ఏళ్ల కంప్రెసర్ లెక్కతో సహా.

ఈ సంగతి ఈ బల్ల దగ్గర ఇంకెవరికీ తెలియదు. ఆమె చెప్పకపోతే తెలిసే దారి కూడా లేదు. ఇంత మంచి సాయంత్రం, వచ్చేవారం చెబుదామనుకున్నా ఎవరూ తప్పుపట్టరు.

"మామయ్యా" అంది లీనెట్. "ఇంకోటుంది. ఇది జల్లెడకంటే పెద్దది."

మొత్తం చెప్పింది. ఏం కలిసిందో, ఎప్పుడు కలిసిందో, దానికి బదులు ఏం ఇవ్వాల్సి వస్తుందో దాచకుండా చెప్పింది. దాన్ని పీకేసి ఇకముందు అమ్మేవాటిని సరిచేయొచ్చు గానీ, ఇప్పటికే వెళ్లినవాటి సంగతి అలాగే మిగులుతుందని కూడా చెప్పింది.

కర్ట్ మొహం పాలిపోయింది. జెరోమ్ చెయ్యి రొట్టె వైపు వెళ్లింది.

క్లెమెంట్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "దీన్ని నువ్వు ఎప్పుడు చూశావు?"

"ఇప్పుడే."

"ఇప్పుడు చూసి, ఇప్పుడే చెప్పావా?"

"చెప్పాను."

పెద్దాయన వెనక్కి వాలి నవ్వాడు. ఇంటి పైకప్పు ఎగిరిపోయేట్టు, రోజలీ ఉలిక్కిపడేట్టు నవ్వాడు. తర్వాత తన కుర్చీలోంచి లేచాడు. బల్ల చివర, కిటికీ వైపున్న ఆ కుర్చీలో నలభై ఏళ్లుగా ఇంకెవరూ కూర్చోలేదు. దాన్ని లీనెట్ వైపు జరిపాడు.

"కూర్చో. నా రహస్యం ఊరందరికీ ఇవ్వాలా, ఆ గీతలు పీకి పారేసి వెళ్లినవాటికి ఇంకో దారి వెతకాలా, తేల్చేది నువ్వు. నేను కాదు, వీళ్లు కాదు. నువ్వేది చెబితే అది."

లీనెట్ కూర్చుంది. నలుగురూ ఆమె వైపే చూస్తున్నారు. రెండేళ్లలో మొదటిసారి ఆమెకు భయం వెయ్యలేదు. జవాబు ఆమెకు తెలుసు: అడిగినవాళ్లకు మొత్తం ఇవ్వాల్సిందే. కానీ అది విన్నాక ఈ నలుగురిలో ఎంతమంది ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉంటారన్నది మాత్రం తెలియదు.